మందు మాత్రలోనే ఉంది, ద్రావణంలోకి రాలేదు: సెల్యులోజ్ పొడులకు మందు అంటుకోవడాన్ని ల్యాబ్‌లో పట్టుకోవడం ఎలా

మాత్రకు 2.5 మిల్లీగ్రాముల మందు వేశారు. బ్యాలెన్స్ సరిగ్గా ఉంది, స్టాండర్డ్ ద్రావణం రీడింగ్ చక్కగా వస్తోంది, మాత్రల బరువుల్లో తేడా లేదు. అస్సే, అంటే మాత్రలో మందు ఎంతుందో కొలిచే పరీక్ష, చేస్తే మాత్రం 92 శాతం. ధ్వని తరంగాలతో కుదిపే సోనికేటర్‌లో ఇంకో అరగంట పెడితే 92.4. ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు ఎం.ఫార్మసీ ప్రాజెక్టు చేసే పిల్లలు నా దగ్గరకు తరచుగా తెచ్చే సమస్య ఇదే. ముందు తూకాన్ని అనుమానిస్తారు, తర్వాత మిక్సింగ్‌ని, ఆఖరికి తమ చేతినే. చదువుకునే రోజుల్లో నేనూ అలాగే రెండు నెలలు పోగొట్టుకున్నాను. పొరపాటు ఎక్కడ జరిగిందోనని రాత్రుళ్లు అదే టెన్షన్. ఎక్కడా జరగలేదు. ఫ్లాస్కు అడుగున పేరుకున్న తెల్లటి పొడికి మందు అంటుకుని ఉంది. ఆ పొడిని ఫిల్టర్ చేసి, దానితోపాటు మందునూ పారేస్తున్నాను.

ఆ రెండు నెలలు మీకు పోకూడదని ఇది రాస్తున్నాను. యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్, సెంట్రిఫ్యూజ్, పీహెచ్ మీటర్, షేకర్ ఉన్న ఏ కాలేజీ ల్యాబ్‌లోనైనా వారం పది రోజుల్లో ఈ పని పూర్తవుతుంది.

ముందు ఆ పొడి సంగతి

నూలు చొక్కా మీద పసుపు మరక పడితే ఎంత ఉతికినా వదలదు. పసుపులోని రంగు పదార్థం నూలుపోగుకు నేరుగా అంటుకుంటుంది. నూలు అంటే సెల్యులోజే. ప్రకాశం జిల్లా రైతులు కాగితం మిల్లులకు తోలే సుబాబుల్, జామాయిల్ కర్రలో ఉండేదీ సెల్యులోజే. కలప గుజ్జును ఆమ్లంతో కొంతవరకు విడగొట్టి, కడిగి, ఆరబెడితే వచ్చే పొడి మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. ల్యాబ్‌లో అందరం ఎం.సి.సి. అంటాం. 1955లో కనుగొన్న ఈ పొడి లేని మాత్రల ఫార్ములా ఇప్పుడు అరుదు. రేణువు సగటున 50 మైక్రాన్లుంటే 101 గ్రేడు, 100 మైక్రాన్లుంటే 102 గ్రేడు.

మందు అణువులు ద్రావణంలోంచి వచ్చి ఘనపదార్థం ఉపరితలానికి అంటుకుంటే అది అధిశోషణం. స్పాంజిలోకి నీరు ఇంకినట్టు లోపలికి పోతే శోషణం. ఇక్కడ మన గొడవ ప్రధానంగా మొదటిదానితోనే.

సెల్యులోజ్‌కు సహజంగా ఆవేశం లేదు. దాని మీదున్న హైడ్రాక్సిల్ గ్రూపులు హైడ్రోజన్ బంధాలు కట్టగలవు, అంతే. కానీ గుజ్జు తీసేటప్పుడు, తెల్లబరిచేటప్పుడు అక్కడక్కడ కార్బాక్సిల్ గ్రూపులు ఏర్పడతాయి. నీళ్లలో అవి రుణావేశం తెచ్చుకుంటాయి. ధనావేశం ఉన్న మందు, అంటే నైట్రోజన్ ఉన్న క్షార స్వభావపు మందు ఎదురైతే పట్టుకుంటాయి. ఎం.సి.సి.లో ఇవి చాలా తక్కువ. మాత్రను త్వరగా విచ్చుకునేలా చేయడానికి వేసే క్రాస్‌కార్మెలోజ్ సోడియం సంగతి పూర్తిగా వేరు. అందులో కార్బాక్సిమిథైల్ గ్రూపుల్ని కావాలనే తగిలిస్తారు, గ్రాముకు సుమారు 3 మిల్లీమోల్ ఉంటాయి. మాత్రలో అది 2, 3 శాతమే ఉండొచ్చు, అయినా నా అనుభవంలో ఎక్కువసార్లు దొంగ అదే. హెచ్.పి.ఎం.సి. అనే ఇంకో సెల్యులోజ్ ఉత్పన్నానికి ఆవేశం లేదు కాబట్టి ఈ తరహా పట్టు దానికి ఉండదు.

మొదటి అడుగు: కాగితం మీద లెక్క

పొడి తూచే ముందు పెన్ను తీయండి. 100 మిల్లీగ్రాముల మాత్రలో 3 శాతం క్రాస్‌కార్మెలోజ్ ఉందనుకుందాం. అంటే 3 మిల్లీగ్రాములు. గ్రాముకు 3.2 మిల్లీమోల్ చొప్పున చూస్తే అందులో దాదాపు 9.6 మైక్రోమోల్ కార్బాక్సిల్ స్థానాలున్నాయి. అదే మాత్రలో ఆమ్లోడిపిన్ 2.5 మిల్లీగ్రాములు ఉంటే, దాని అణుభారం సుమారు 409 కాబట్టి మందు 6.1 మైక్రోమోల్. కూర్చునేవాళ్లకన్నా కుర్చీలే ఎక్కువ! అన్ని కుర్చీలూ మందుకే దొరకవు, సమతాస్థితి అంత దూరం పోనివ్వదు. అయినా 5, 8 శాతం మందు ఎక్కడికి పోయిందో ఊహించడానికి ఈ లెక్క చాలు.

ఇప్పుడు మెట్‌ఫార్మిన్ 500 చూడండి. హైడ్రోక్లోరైడ్ లవణంగా అణుభారం 165.6 కాబట్టి మందు సుమారు 3,020 మైక్రోమోల్. మాత్రలో 20 మిల్లీగ్రాముల క్రాస్‌కార్మెలోజ్ ఉంటే స్థానాలు 64 మైక్రోమోల్. మెట్‌ఫార్మిన్ నీళ్లలో క్రాస్‌కార్మెలోజ్‌కు అంటుకుంటుందని తెలిసిన విషయమే. కానీ ప్రతి స్థానమూ నిండినా పోయేది 2 శాతం. మందు ఎంత తక్కువ మోతాదులో ఉంటే ఈ సమస్య అంత పెద్దది. మీ ప్రాజెక్టు మందుకు ఈ లెక్క వేసి, 1 శాతం కూడా రాకపోతే తప్పు వేరే చోట వెతకండి. మిగతా అడుగులు మీకు అవసరం లేదు.

దీంతోపాటు మందు పీకేఏ, అంటే సగం అణువులు ఆవేశంతో, సగం ఆవేశం లేకుండా ఉండే పీహెచ్, ఎంతో చూసుకోండి. మీరు వాడే ద్రావణం పీహెచ్ దగ్గర మందు మీద ధనావేశం ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. క్రాస్‌కార్మెలోజ్ కార్బాక్సిల్ పీకేఏ 4 పైచిలుకు. పీహెచ్ 6 దగ్గర పొడి రుణావేశంతో, క్షారపు మందు ధనావేశంతో ఉంటాయి. పీహెచ్ 1 దగ్గర మందు ధనావేశంతోనే ఉంటుంది, పొడి మాత్రం తన ఆవేశం పోగొట్టుకుంటుంది.

రెండో అడుగు: కళ్లతో చూడడం

కొత్తగా వచ్చిన పిల్లలకు ఇది తప్పకుండా చేయిస్తాను. మిథిలీన్ బ్లూ ధనావేశం ఉన్న రంగు, అది మందు కూడా. మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల ద్రావణాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో చేసి, రెండు సెంట్రిఫ్యూజ్ ట్యూబుల్లో 20 మిల్లీలీటర్ల చొప్పున పోయండి. ఒకదాంట్లో 50 మిల్లీగ్రాముల క్రాస్‌కార్మెలోజ్ వేసి పది నిమిషాలు ఊపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. అడుగున పొడి ఉబ్బి ముదురు నీలం ముద్దలా కూర్చుంటుంది. పైన నీళ్లు వెలిసిపోతాయి. ఇప్పుడు ఆ ట్యూబులోనే ఒక గ్రాము ఉప్పు వేసి మళ్లీ ఊపి తిప్పండి. నీలం నీళ్లలోకి తిరిగొస్తుంది, మొత్తం కాకపోయినా కంటికి ఆనేంత. ఉప్పు బదులు 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో చేసినా పొడి రంగును వదులుతుంది. రెండో ట్యూబులో పొడి వేయలేదు కాబట్టి అది పోల్చడానికి ఉంటుంది.

ఉప్పు వేస్తే రంగు ఎందుకు వదిలింది? మన పినాకిని ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీని గుర్తు తెచ్చుకోండి. ఖాళీగా ఉంటే ఎక్కిన ప్రతివాళ్లకూ సీటు. పండగ రోజున వెయ్యిమంది ఎక్కితే మీకు సీటు దొరకడం కష్టం. 0.9 శాతం ఉప్పునీళ్లు 50 మిల్లీలీటర్లు తీసుకుంటే అందులో 7.7 మిల్లీమోల్ సోడియం అయాన్లు. మన 6 మైక్రోమోల్ ఆమ్లోడిపిన్‌తో పోలిస్తే ఒక్కో మందు అణువుకు 1,200కు పైగా పోటీదార్లు.

ఇక్కడే నీళ్ల గురించి చెప్పాలి. మా వైపు బోరు నీళ్లలో ఉప్పు, కాల్షియం బాగా ఎక్కువ. కాల్షియం రెండు ఆవేశాల అయాన్, సోడియంకన్నా గట్టిగా సీటు పడుతుంది. ఫ్లాస్కుల్ని కుళాయి నీళ్లతో కడిగి అలాగే వాడితే గోడలకు మిగిలిన చుక్కలు కూడా ఫలితాన్ని మారుస్తాయి. ఒకమ్మాయి ప్రాజెక్టులో ఒకరోజు మందు అంటుకుంది, మర్నాడు సగమే అంటుకుంది. రెండు రోజులు ఇద్దరం తలలు పట్టుకున్నాం. చూస్తే డిస్టిలేషన్ ప్లాంటు చెడిపోయి, క్యాన్‌లో ఎవరో మామూలు నీళ్లు నింపి పెట్టారు. అప్పటినుంచి రోజూ పొద్దున మొదటి పనిగా కండక్టివిటీ మీటరు ముంచి రీడింగ్ నోట్‌బుక్కులో రాసుకోమంటాను.

మూడో అడుగు: అసలు ప్రయోగం

పొడిని ముందుగా 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తేమ ఎంతో చూడండి. ఎం.సి.సి.లో 7 శాతం దాకా, క్రాస్‌కార్మెలోజ్‌లో 10 శాతం దాకా తేమ ఉండొచ్చు. లెక్కలన్నీ పొడి బరువు మీదే వేయాలి. ప్రయోగానికి మాత్రం ఆరబెట్టని పొడినే తీసుకుని తేమ మేరకు తీసివేయండి. వేడికి ఎండిన సెల్యులోజ్ తడిసే తీరు కాస్త మారుతుంది.

ప్రతి గాఢతకూ మూడు రకాల ఫ్లాస్కులు కావాలి. మందు, పొడి రెండూ ఉన్నది ఒకటి. మందు మాత్రమే ఉన్నది ఒకటి. పొడి మాత్రమే ఉన్నది ఒకటి. రెండో రకం ఎందుకంటే మందు గాజుకు, మూతకు, ఫిల్టరుకు కూడా అంటుకోగలదు. వెలుతురుకు, నీటికి పాడవగలదు కూడా. ఆ నష్టాన్ని పొడి ఖాతాలో రాయకూడదు. మూడో రకం ఎందుకంటే క్రాస్‌కార్మెలోజ్‌లో నీళ్లలో కరిగే భాగం కొంత ఉంటుంది. అది యూవీలో, ముఖ్యంగా తక్కువ తరంగదైర్ఘ్యాల దగ్గర, రీడింగు పెంచి అంటుకున్న మందును దాచేస్తుంది. రెండో రకాన్ని వదిలేసిన థీసిస్‌లు నేను చాలా చూశాను. అందులోని అంకెల్ని నమ్మడానికి నాకు మనసొప్పదు.

50 మిల్లీలీటర్ల ద్రావణానికి ఎం.సి.సి. అయితే అర గ్రాము, క్రాస్‌కార్మెలోజ్ అయితే 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టండి. మొదట్లో ఉన్న మందులో 20 నుంచి 80 శాతం దాకా తగ్గేలా నిష్పత్తి సర్దుకుంటే మంచిది. 2 శాతమే తగ్గితే అది మీ పైపెట్ పొరపాటులో కలిసిపోతుంది. ఎం.సి.సి.తో 20 శాతం కూడా రాకపోతే పొడి పెంచండి.

ఎంతసేపు ఊపాలన్నది ఊహించకండి. ఒకే గాఢతతో 15 నిమిషాలు, గంట, 2 గంటలు, 4 గంటలు, 24 గంటలకు నమూనాలు తీసి చూడండి. రెండు వరస రీడింగులు కలిసిన చోటు మీ సమయం. వేడి కూడా కాపు కాయాలి. అంటుకోవడం సాధారణంగా వేడి పెరిగితే తగ్గుతుంది. ఒంగోలు మే నెలలో గది 40 డిగ్రీలు, డిసెంబరులో 25. "గది ఉష్ణోగ్రత వద్ద" అని రాస్తే అది ఏ నెల గదో చదివేవాళ్లకు తెలియదు. 25 డిగ్రీల వాటర్‌బాత్ షేకర్ వాడండి. కరెంటు పోయి షేకర్ ఆగితే ఆ సెట్టు పక్కన పెట్టి మళ్లీ చేయడమే మేలు.

నాలుగో అడుగు: పొడిని వేరు చేయడం, అసలు ప్రమాదం ఇక్కడే

ఫిల్టర్ పేపరు దేనితో చేస్తారు? సెల్యులోజ్‌తో! సెల్యులోజ్‌కు మందు అంటుకుంటుందో లేదో చూడబోయి, సెల్యులోజ్ మీదుగానే వడగడుతున్నాం. మెంబ్రేన్ ఫిల్టర్లలోనూ సెల్యులోజ్ ఉత్పన్నాలు ఉంటాయి. నైలాన్ కూడా కొన్ని మందుల్ని పట్టుకుంటుంది.

అందుకే ముందు సెంట్రిఫ్యూజ్. పైన తేటపడ్డ ద్రావణాన్ని పైపెట్‌తో మెల్లగా తీయండి, ముద్ద కదలకూడదు. ఫిల్టర్ తప్పదంటే మందు మాత్రమే ఉన్న ద్రావణాన్ని అదే ఫిల్టర్ గుండా పంపి, మొదటి మిల్లీలీటరు, మూడోది, ఐదోది, ఎనిమిదోది విడివిడిగా చదవండి. రీడింగు ఎక్కడ నిలకడపడిందో అంతదాకా వచ్చిన ద్రావణాన్ని పారబోసి తర్వాతిది తీసుకోవాలి. ఎనిమిదో మిల్లీలీటరు దాకా నిలకడపడకపోతే ఫిల్టర్ రకమే మార్చండి.

ప్రతి ఫ్లాస్కు పీహెచ్‌ని చివర్లో కొలిచి రాయండి. చాలామంది దీన్ని పట్టించుకోరు. మందు లవణ రూపంలో ఆమ్లత్వం ఉన్న ద్రావణంగా ఉంటుంది. క్రాస్‌కార్మెలోజ్ కలిపితే పీహెచ్ పెరగొచ్చు. అప్పుడు క్షార రూపంలోకి మారిన మందు కరగక అవక్షేపంగా దిగి, అచ్చం అంటుకున్నట్టే కనిపిస్తుంది. పీహెచ్ మారకుండా మందు తగ్గితేనే అధిశోషణం అని ధైర్యంగా అనొచ్చు.

ఐదో అడుగు: లెక్క, గ్రాఫు

పొడి లేని ఫ్లాస్కులో మిగిలిన గాఢతలోంచి, పొడి ఉన్న ఫ్లాస్కులో మిగిలిన గాఢతను తీసేయండి. దాన్ని ద్రావణం పరిమాణంతో గుణించి పొడి బరువుతో భాగించండి. ఉదాహరణకు మిల్లీలీటరుకు 100, 82 మైక్రోగ్రాములు అనుకుంటే తేడా 18. 50 మిల్లీలీటర్లతో గుణించి అర గ్రాముతో భాగిస్తే గ్రాము పొడికి 1,800 మైక్రోగ్రాములు, అంటే 1.8 మిల్లీగ్రాములు.

ఇలా ఆరు నుంచి ఎనిమిది గాఢతలకు చేసి, మిగిలిన గాఢత అడ్డంగా, పట్టిన మందు నిలువుగా గీస్తే అది ఐసోథర్మ్. మొదట నిటారుగా లేచి తర్వాత పడుకుంటే స్థానాలు నిండుతున్నట్టు. అప్పుడు లాంగ్మ్యూర్ 1918లో ఇచ్చిన సమీకరణం పనికొస్తుంది. మిగిలిన గాఢతను పట్టిన మందుతో భాగించి నిలువుగా, మిగిలిన గాఢతను అడ్డంగా గీయండి. సరళరేఖ వస్తే దాని వాలును తలకిందులు చేస్తే గరిష్ఠ సామర్థ్యం. వాలు 0.2 అయితే గ్రాముకు 5 మిల్లీగ్రాములు. వాలును అంతరఖండంతో భాగిస్తే పట్టు ఎంత గట్టిదో చెప్పే స్థిరాంకం. ఐసోథర్మ్ పడుకోకుండా వంగుతూ పైకే పోతుంటే ఫ్రాయిండ్లిష్ సమీకరణం చూడండి.

ఆ 5 మిల్లీగ్రాముల్ని వెంటనే మాత్రలోకి తెచ్చి చూడాలి. మాత్రలో ఎం.సి.సి. 60 మిల్లీగ్రాములుంటే గరిష్ఠంగా పట్టేది 0.3 మిల్లీగ్రాములు. 2.5 మిల్లీగ్రాముల మందుకు అది 12 శాతం, 500కు 0.06 శాతం. ఆర్-స్క్వేర్ (బిందువులు గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకె) 0.999 వచ్చిందని సంబరపడి, "కాబట్టి ఇది ఏకపొర అధిశోషణం" అని రాసేయకండి. గీత కలవడం ఒకటి, యంత్రాంగం తెలియడం ఇంకొకటి. రెండోదానికి వచ్చే అడుగు కావాలి.

ఆరో అడుగు: ఏ బలం పట్టుకుందో తేల్చడం

ఒకే గాఢత తీసుకుని పీహెచ్ 1.2, 3, 4.5, 6.8 దగ్గర చేయండి. అన్నిట్లోనూ అయానిక బలం ఒకేలా ఉండేలా ఉప్పుతో సర్దండి. లేకపోతే తేడా పీహెచ్ వల్ల వచ్చిందా, బఫర్‌లోని సోడియం వల్ల వచ్చిందా చెప్పలేరు. 50 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లోనే బోలెడంత సోడియం ఉంటుంది. అందుకే మాత్ర 6.8 బఫర్‌లో బాగా విడుదలై, ఉత్త నీళ్లలో 90 శాతం దగ్గర ఆగిపోతుంటుంది.

తర్వాత పీహెచ్ మార్చకుండా ఉప్పు 0, 10, 50, 150 మిల్లీమోలార్ దగ్గర చేయండి. ఉప్పు పెరిగేకొద్దీ పట్టు తగ్గితే అది ఆవేశాల ఆకర్షణే. ఉప్పుకు చలించక, మిథనాల్ కలిపితే వదిలితే నీటిని ఇష్టపడని భాగాల ఆకర్షణో, హైడ్రోజన్ బంధమో అనుకోవాలి.

ఆఖరి పరీక్ష విడిపించడం. తేట తీసేసిన ముద్దలోకి 0.1 నార్మల్ ఆమ్లం పోసి ఊపి, ఎంత మందు తిరిగొచ్చిందో కొలవండి. ముందు తేటలో ఉన్నదీ, ఇప్పుడు వచ్చిందీ కలిపితే మొదట వేసినదానికి దగ్గరగా రావాలి. రాకపోతే మందు విచ్ఛిన్నమవుతోందేమో, కలిసిన పదార్థాల్ని విడదీసి కొలిచే హెచ్.పి.ఎల్.సి.లో చూడాలి. అవక్షేపం కూడా ఆమ్లంలో కరిగి తిరిగొస్తుంది కాబట్టి, నాలుగో అడుగులో రాసుకున్న పీహెచ్ అంకెలు ఇక్కడ మళ్లీ అక్కరకొస్తాయి.

దోషం దొరికాక

అస్సే కోసమైతే ద్రావణి మార్చండి. క్షారపు మందుకు మొదట ప్రయత్నించాల్సింది 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మందు దానిలో పాడవకపోతే. లేదంటే ఉప్పు ఉన్న బఫర్, అవసరమైతే మిథనాల్ కలిపి. మారిస్తే సరిపోదు, నిరూపించాలి. మందు లేని మాత్ర పొడికి 80, 100, 120 శాతం మోతాదుల్లో మందు కలిపి, ఒక్కోటి మూడుసార్లు, మొత్తం తొమ్మిది నమూనాల రికవరీ, అంటే వేసినదాంట్లో ఎంత తిరిగి దొరికిందో, చూపించండి. స్టాండర్డ్‌లో పొడి లేకుండా, నమూనాలో పొడి ఉంచి పోల్చే పద్ధతికి ఈ పరీక్ష లేకపోతే విలువ లేదు.

ఫార్ములాయే మార్చాలనుకుంటే మాత్రను విచ్చుకునేలా చేసే మరో పొడి సోడియం స్టార్చ్ గ్లైకొలేట్‌కు తొందరపడి వెళ్లకండి, దానికీ అవే కార్బాక్సిమిథైల్ గ్రూపులు ఉంటాయి. అదే పనికి వాడే క్రాస్‌పొవిడోన్‌కు ఆవేశం లేదు, కానీ ఫినాల్ గ్రూపు ఉన్న కొన్ని మందుల్ని అది వేరే రకంగా పట్టుకుంటుంది. ఇదే మూడు ఫ్లాస్కుల పరీక్ష దానికీ చేయాల్సిందే.

ఇది చదివి ఎవరూ వాడుతున్న మాత్ర మానేయకండి. జీర్ణాశయంలో ఆమ్లం ఉంటుంది, పేగులో ఉప్పులుంటాయి. పైగా ఈ పట్టు తిరిగి వదిలేదే. విడిగా ఉన్న మందును పేగు పీల్చుకున్నకొద్దీ అంటుకున్నది వదులుతూ వస్తుంది. ల్యాబ్ ఫ్లాస్కులో మందు అలా బయటికి పోయే దారి లేదు, అందుకే అక్కడ కనిపించిన 8 శాతం రోగికి నష్టమని అర్థం కాదు. మోతాదు బాగా తక్కువైన మందుకు మాత్రం ఉప్పులు, ఆమ్లం ఉన్న మాధ్యమాల్లో డిసొల్యూషన్, అంటే మాత్రలోంచి మందు ఎంత విడుదలవుతుందో చూసే పరీక్ష, చేసి చూసుకోవాలి.

రికార్డులో పొడి గ్రేడు, తయారీ లాటు నంబరు తప్పక రాయండి. కార్బాక్సిల్ గ్రూపుల సంఖ్య లాటు మారితే మారుతుంది. వీలైతే రెండో లాటుతో ఒకే ఒక్క గాఢత దగ్గరైనా మళ్లీ చేసి, మిగిలిన పొడిని గట్టిగా మూతపెట్టి వైవా అయ్యేదాకా బీరువాలో దాచండి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అంకె నమ్మకపోతే, ఆయన ముందే ఒక ట్యూబు మిథిలీన్ బ్లూలో ఆ పొడి వేసి తిప్పి చూపించొచ్చు.